క్రిస్మసు కానుక: ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు



డిసెంబరు నెల కడపటి వారము వచ్చినదనగానే క్రైస్తవుల యిండ్లపై కాగితపు నక్షత్రములు వెలుగుచుండును. మన పల్లెలలో అరిసెల పాకపు వాసన వీథి చివరదాక వచ్చుచుండును. అంగళ్లలో పొట్లములు కట్టువారికిని, వానిని కొనువారికిని తీరిక యుండదు. తండ్రి బిడ్డలకును, యజమానుడు సేవకులకును, మిత్రుడు మిత్రునకును ఏదో యొక వస్తువు నిచ్చుట యీ పండుగకు ముఖ్య లక్షణమై యున్నది. ఈ యాచారము క్రైస్తవ గృహములతో నిలిచిపోలేదు. కచేరీలలోను, పాఠశాలలలోను, వ్యాపారశాలలలోను మతభేదము లేక సాగుచున్నది. ఇంత విస్తారముగా జరుగుచున్న యీ యిచ్చిపుచ్చుకొనుటలో ఆత్మకు సంబంధించిన భాగమెంత, వట్టి యలవాటునకు సంబంధించిన భాగమెంత యని విచారించుటయే నేటి మన కార్యము.

"క్రైస్తవులము కాని మన కీ విచారముతో నేమి పని?" అని యడుగువారుండవచ్చును. రాజా రామమోహనరాయలవారు 1820వ సంవత్సరమున యేసుయొక్క బోధలను సువార్తలనుండి యెత్తి గ్రంథముగా ప్రకటించినప్పుడును ఈ ప్రశ్నయే పుట్టినది. శాంతినికేతనమున రవీంద్రనాథ ఠాకూరుగారు 1910వ సంవత్సరమున క్రీస్తు జన్మదినోత్సవము నారంభించినప్పుడును ఇదియే పుట్టియుండును. దీనికి మా ప్రత్యుత్తర మొక్కటియే. మహాపురుషుని జన్మదినము పిత్రార్జితమైన యాస్తి కాదు. దానికి దాయాదులు లేరు, పంపకము లేదు. ఎవడు దానివలన మేలు పొందునో వానిదే యది.

మొదట నీ కానుకల పుట్టుకను విచారింతము. మత్తయి సువార్త రెండవ యధ్యాయమున, తూర్పు దేశపు జ్ఞానులు కొందరొక నక్షత్రమును చూచి బయలుదేరి, బేత్లెహేములో నున్న శిశువును దర్శించి, బంగారమును, సాంబ్రాణిని, బోళమును సమర్పించినట్లు చెప్పబడినది. ఆ జ్ఞానులు ముగ్గురని లోకులందురు గాని సువార్తలో సంఖ్య లేదు. కానుకలు మూడగుటచేత ఇచ్చినవారును ముగ్గురై యుందురని తరువాతివా రూహించిరి. వారి పేర్లును సువార్తలో లేవు. ఇచ్చినవారి నామధేయములు లేకపోయినను ఇచ్చిన కానుకల పేర్లు మాత్రము రెండువేల యేండ్లుగా నిలిచియున్నవి. తమ దానమునకు పైన తమ పేరు చలువరాతిమీద చెక్కించుకొను నేటి దాతలు ఇచ్చట నొక క్షణము నిలిచి యాలోచింతురు గాక!

ఆ కథలో మఱియొక విశేషము కలదు. జ్ఞానులు మొదట యెరూషలేమునకు వచ్చి హేరోదు రాజుతో మాటలాడిరి. రాజనగా ప్రత్యుపకారము చేయగలవాడు, పదవు లీయగలవాడు, ఆగ్రహించిన ప్రాణములు తీయగలవాడు. అట్టివాని యెదుట వారు తమ పెట్టెలు విప్పినట్లు చెప్పబడలేదు. మాటయైన పలుకలేని పసివాని ముందర విప్పిరి. ఆ శిశువు వారికి తిరిగి యీయగలిగిన దేమియు లేదు. ఇచ్చినవారిని జ్ఞాపకముంచుకొను వయస్సైనను వానికి లేదు. ప్రతిఫలము నాశించుట కవకాశమే లేనిచోట నిచ్చుటయే మొదటి క్రిస్మసు కానుక.

అయితే నేటి కానుకల కంతటికిని బేత్లెహేమే మూలమని చెప్పిన చరిత్రకు ద్రోహము చేసినవార మగుదుము. క్రీస్తుకు పూర్వమునుండియు రోమునగరమున డిసెంబరు మాసములో సాటర్నాలియా యను నుత్సవము జరుగుచుండెడిది. ఆ దినములలో జనులు మైనపు వత్తులను, చిన్న మట్టిబొమ్మలను ఒకరి కొకరు పంపుకొనుచుండిరి. జనవరి మొదటి దినమున శుభసూచకముగా కాసులు కానుకలిచ్చు నాచారమును ఉండెను. ఈ యాచారము మెల్లమెల్లగా పెద్దలను మెప్పించు సాధనమై, తుదకు చక్రవర్తి వాకిటికి చేరినది. క్రీస్తుశకము 37 మొదలు 41 వఱకు రాజ్యమేలిన కలిగులా చక్రవర్తి, నూతన సంవత్సరపు కానుకలను స్వీకరింతునని ముందుగా చాటింపించి, ఆ దినమున స్వయముగా తన భవనద్వారమున నిలిచి జనులు తెచ్చిన కాసులను పుచ్చుకొనెనని స్యూటోనియసు అను చరిత్రకారుడు వ్రాసియున్నాడు. డిసెంబరు 25వ తేదీ క్రీస్తు జన్మదినమని చెప్పు మిక్కిలి ప్రాచీనమైన యాధారములలో నొకటి క్రీ. శ. 354 నాటి రోము పంచాంగము. అనగా క్రీస్తు జన్మోత్సవము రోమునందే, యా పాత పండుగలకు నడుమనే, స్థిరపడినది.

కాబట్టి మన కానుకలు రెండు వాకిండ్లనుండి బయలుదేరి వచ్చినవి. ఒకటి ప్రత్యుపకారము చేయలేని శిశువుయొక్క వాకిలి. రెండవది మెప్పింపవలసిన ప్రభువుయొక్క వాకిలి. నేడు మన చేతిలోని పొట్లము ఈ రెండింటిలో నే వాకిటికి పోవుచున్నదని ప్రతిమనుష్యుడును తన్ను తానడుగుకొనవలెను. పొట్లముపై కట్టిన రంగుకాగితమును చూచి చెప్పుట సాధ్యము కాదు. రెండింటికిని కాగిత మొక్కటియే.

మన దేశమున నీ రెండవ వాకిలి యెంత విశాలముగా తెఱవబడినదో చరిత్ర నెఱిగినవారికి తెలియును. ఆంగ్లేయుల పరిపాలనకాలమున క్రిస్మసును ఉత్తరదేశమువారు "బడా దిన్" అనుచుండిరి. ఆ దినమున క్రింది యుద్యోగులును, జమీందారులును, గుత్తదారులును పండ్లు, పూలు, మిఠాయిలు నింపిన తట్టలను దొరల బంగళాలకు మోయించుకొని పోవుచుండిరి. దీనికి "డాలీ" యని పేరు. ఆ తట్ట నిచ్చినవానికి క్రీస్తునందు భక్తి యుండనక్కఱలేదు. పుచ్చుకొనిన దొరకు ఇచ్చినవానియందు ప్రేమ యుండనక్కఱలేదు. ఆ దొరలు 1947లో వెడలిపోయిరి. తట్టలు మాత్రము పోలేదు. దీపావళి పేరనో, క్రిస్మసు పేరనో, నూతన సంవత్సరము పేరనో, ఫైలు ఎవరి బల్లమీద నున్నదో వారి యింటికి చేరుచునే యున్నవి. దీనిని కానుక యనుట భాషకు చేయు నపచారము.

రెండవ వాకిటి సంగతి యింతవఱకు చాలును. మొదటి వాకిటినుండి వచ్చిన త్రోవయు నొకటి కలదు. నేటి తుర్కీదేశమున నున్న మైరా పట్టణములో నాలుగవ శతాబ్దమున నికొలాసు అను బిషప్పు ఉండెను. ఆయనను గూర్చి యొక యైతిహ్యము కలదు. ఒక బీదవానికి ముగ్గురు కొమార్తెలు. కట్న మీయలేక వారి వివాహములు నిలిచిపోయి, ఆ బాలికలు దుర్గతిపాలగు స్థితి వచ్చినది. నికొలాసు రాత్రివేళ వెళ్లి, కిటికీలోనుండి బంగారపు మూటను లోపల విడిచి, యెవరికిని కనబడక తిరిగివచ్చెను. ఇట్లు మూడుమార్లు చేసెను. మూడవమారు ఆ తండ్రి కాచియుండి పట్టుకొని కాళ్లపై బడగా, తాను బ్రతికియున్నంతకాల మీ సంగతి యెవరితోను చెప్పవలదని మాత్రమే ఆయన కోరెనట! ఆ నికొలాసే హాలెండువారి నోట సింటర్‌క్లాసుగా మారి, అమెరికాకు పోయి శాంటాక్లాసైనాడు. అయితే నేడు మన యంగళ్లలో గంట వాయించుచు నిలుచు నా యెఱ్ఱయంగీ తాతకును, చీకటిలో ముఖము దాచుకొని నడచిన యా బిషప్పునకును పేరులో తప్ప నెంత పోలిక మిగిలినదో మీరే చెప్పుడు. కట్నమను దురాచారము పదునాఱు వందల యేండ్ల నాటి యా కథలోను బాలికల కన్నీటికి కారణమై యుండుట మనము సిగ్గుతో గుర్తింపదగిన సంగతి.

ఈ పండుగలో దుబారాయు, త్రాగుడును పెరిగెనని కోపించి, దీనికి వేదములో నాధారము లేదని వాదించి, అమెరికాలోని మసాచుసెట్సు వలసవారు 1659లో క్రిస్మసు జరుపుకొనువారికి అయిదు షిల్లింగుల జుల్మానా విధించిరి. 1681లో ఆ శాసనము రద్దయినది. మేము న్యాయవాదులము గనుక శాసనముల బలమును, బలహీనతను గూడ నెఱుగుదుము. శాసనము చేతిని పట్టుకొని యాపగలదు. హృదయమును తెఱవలేదు, మూయలేదు.

మఱి హృదయము తెఱచుకొనుట యెట్లు? ఇచ్చట మా వృత్తిలోని యొక చిన్న సూత్రమును మీ యెదుట నుంచెదము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 122వ విభాగమున దానమునకు లక్షణము చెప్పబడినది. దాని సారాంశమిది: దాత స్వేచ్ఛగా నీయవలెను, ప్రతిఫలము లేక యీయవలెను, గ్రహీత గాని, వాని పక్షమున మఱియొకరు గాని దానిని స్వీకరింపవలెను. ఆ స్వీకారము దాత జీవించి, ఇచ్చుటకు శక్తి గలిగియున్న కాలముననే జరుగవలెను. స్వీకరింపక మునుపే గ్రహీత మరణించెనా, ఆ దానము చెల్లదు. ఈ శాసనమును వ్రాసినవారు పొలములను, ఇండ్లను తలచి వ్రాసిరే గాని పరమార్థమును తలచి వ్రాయలేదు. అయినను ఇందలి మూడు మాటలును ధర్మశాస్త్రమున కెక్కదగినవని మా విశ్వాసము.

మొదటి మాట స్వేచ్ఛ. కచేరీలో చీట్లు తీసి, ఎవరికెవరో నిర్ణయించి, ఇంతకు తక్కువ కాని వస్తువు తెమ్మని యాజ్ఞాపించినచో అది వినోదము కావచ్చును, పన్ను కావచ్చును, కానుక మాత్రము కాదు. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అను అమెరికా దేశపు అర్థశాస్త్రజ్ఞుడు 1993లో క్రిస్మసు కానుకలపై నొక వ్యాసము ప్రకటించెను. పుచ్చుకొనినవారు ఆ వస్తువులకు కట్టిన విలువ, ఇచ్చినవారు పెట్టిన ధరకంటె పదియవవంతు మొదలు మూడవవంతు వఱకు తక్కువగా నున్నదని ఆయన లెక్క వేసెను. ఇచ్చినవారిపై గల మమకారముచేత కలుగు విలువను ఆయన యీ లెక్కలో చేర్చలేదు. కావున నిది ప్రేమకు వేసిన లెక్క కాదు. అయినను ఎదుటివాని యక్కఱ నెఱుగక, తప్పనిసరిగా కొనిపెట్టినప్పు డెంత నష్టము కలుగునో ఇది చూపుచున్నది.

రెండవ మాట ప్రతిఫలరాహిత్యము. భగవద్గీత పదునేడవ యధ్యాయమున దానము మూడు విధములుగా విభజింపబడినది. తనకు తిరిగి యుపకారము చేయనివానికి, ఈయవలసినదని యిచ్చునది సాత్త్వికము. ప్రత్యుపకారమును గోరి గాని, మనస్సున కష్టపడుచు గాని యిచ్చునది రాజసము. గౌరవము లేక, తిరస్కారముతో నిచ్చునది తామసము. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి శిష్యునకు శ్రద్ధతోను, సిగ్గుతోను ఇమ్మని బోధించుచున్నది. ఇచ్చువానికి సిగ్గేల? తన యొద్ద మిగిలినదే యిచ్చుచున్నానని, ఇచ్చిన దెంతయో కొంచెమని, అదియు తనది కాదని తెలిసిన వానికి సిగ్గు కలుగకుండునా? కుడిచేయి చేయునది యెడమచేతికి తెలియనీయవలదని యేసు బోధించుటయు నీ సిగ్గును గూర్చియే.

మూడవ మాట స్వీకారము. దానమును గూర్చి వ్రాసినవారందరును దాతకే బోధించుచుందురు. గ్రహీతకు బోధించువా రరుదు. పుచ్చుకొనుట సులభమని, దానికి సాధన యక్కఱలేదని మన మనుకొందుము. ఇది గొప్ప పొరపాటు. మా యపరాధ మొకటి మీ యెదుట నొప్పుకొనిన గాని యీ సంగతి మీకు తెలుపజాలము.

కొన్ని యేండ్ల క్రిందట నొక పల్లెటూరి క్రైస్తవ స్త్రీ మాకు కక్షిదారుగా వచ్చెను. ఆమె తల్లి మరణమునకు ముందు నాలుగు సెంట్ల స్థలమును, అందలి రేకుల యింటిని దానపత్రమూలమున ఆమె కిచ్చియుండెను. తల్లి పోయిన పిమ్మట అన్నదమ్ములు ఆ దానము చెల్లదని వ్యాజ్యము వేసిరి. దస్తావేజు వ్రాయబడినదే గాని కూతురు దానిని స్వీకరించినట్లు ఋజువు లేదని వారి వాదము. మేము ఇంటిపన్ను రసీదులను, కరెంటు బిల్లులను చూపి, ఆమె యా యింటనే కాపురమున్న సంగతిని సాక్షులచేత పలికించి, "స్వీకారమునకు మేళతాళము లక్కఱలేదు, ఇచ్చినదానిని తనదిగా జేసికొని బ్రతుకుటయే స్వీకారము" అని వాదించితిమి. ఆమె గెలిచెను. ఆమె బీదతనమును చూచి మేము ఫీజు పుచ్చుకొనలేదు. పుచ్చుకొనలేదన్న సంగతిని మఱచిపోనును లేదు.

ఆ సంవత్సరము క్రిస్మసునాటి యుదయమున ఆమె మా యింటికి వచ్చెను. చేతిలో నొక స్టీలు డబ్బా, దానినిండ అరిసెలు. రెండు బస్సులు మారి వచ్చెనని తరువాత తెలిసినది. మేము డబ్బాను రెండుచేతుల నందుకొని బల్లపై నుంచి, మఱుక్షణమే జేబులోనుండి అయిదువందల రూపాయల నోటు తీసి, "పిల్లలకేమైనా కొనిపెట్టమ్మా" అంటిమి. ఆమె ముఖము వాడిపోయెను. "అయ్యగారూ, నేను బేరానికి తేలేదండీ. పండగని తెచ్చానండీ" అని మాత్రము పలికి, నోటును డబ్బా ప్రక్కనే యుంచి వెడలిపోయెను.

కథ యంతటితో ముగిసిన బాగుండెడిది. సాయంకాలము వఱకు డబ్బా మూత తీయబడలేదు. వైద్యుడు తీపి మానుమన్నాడని మేమంటిమి. ఏ నూనెతో చేసిరో యని యింటిలో మఱియొక రనిరి. మరునాడు ఆ యరిసెలు కావలివాని పాలయ్యెను. ఆ వారములోనే మిత్రు డొకడు పంపిన మిఠాయిపెట్టెను మేమే విప్పి, మేమే తింటిమి. ఆనాడు వైద్యుడు మాకు జ్ఞప్తికి రాలేదు. ఆ రాత్రి తలగడపై తల యానించినప్పుడు తెలిసినది: ఆమె యే పల్లెనుండి, ఆ పల్లెలో నే దిక్కునుండి వచ్చినదో మా నాలుక మఱచిపోలేదు. కులభేదమును ఖండించుచు నెన్నో సభలలో ప్రసంగించిన నాలుకయే యది! న్యాయస్థానమున స్వీకారమనగా నేమో న్యాయమూర్తికి బోధించిన మేము, మా యింట బల్లపై నుంచిన కానుకను స్వీకరింపనే లేదు. ఆమె యిచ్చినది చెల్లని దానమైనది. చెల్లకుండ జేసినవారము మేము.

సోదరులారా, సంస్కర్తలమని పేరు పెట్టుకొనిన మన కిది సామాన్యమైన రోగము. మనము బీదలకిత్తుము, చదువు చెప్పింతుము, చందాలు వ్రాయుదుము, వారి పక్షమున వాదింతుము. ఎల్లప్పుడును మన చేయి పైన, వారి చేయి క్రింద! వారి చేయి పైకి వచ్చి మన చేయి క్రిందికి పోవు క్షణము మాత్రము మనకు సహింపదు. వెంటనే నోటు తీసి లెక్క సరిచేసికొందుము. ఋణము తీర్చుటకు పడు నీ తొందర ఔదార్యమువలె కనబడును. విచారించి చూచిన నది యహంకారము. ఇచ్చుటలో సమానత్వమును నటింపవచ్చును, పుచ్చుకొనుటలో నటింపలేము.

ఈ యెఱుక కలిగిన పిమ్మట మేము సువార్తలను మరల తెఱచి చూచితిమి. ఎవరి జన్మదినమున నింతమంది యిచ్చుచున్నారో ఆయన తన జీవితమంతయు పుచ్చుకొనినవాడుగా కనబడెను. పుట్టినప్పుడు పశువులతొట్టి యాయనకు పడక. బోధించుటకు కూర్చుండిన పడవ సీమోనుది. యెరూషలేమునకు ఎక్కి వచ్చిన గాడిదపిల్ల యొకరిది. పాతిపెట్టబడిన సమాధి యరిమతయి యోసేపుది. ఒకనాటి మధ్యాహ్నమున ప్రయాణపు బడలికచే యాకోబు బావి యొద్ద కూర్చుండి, నీళ్లు చేదుకొనుటకు వచ్చిన సమరయ స్త్రీని దాహమడిగెను. యూదులకును సమరయులకును సాంగత్యము లేదు. ఒకరి పాత్రతో నొకరు త్రాగరు. యూదుడవైన నీవు నన్నెట్లడుగుచున్నావని ఆమె యాశ్చర్యపడెను. అంటరానిదనబడిన చేతినుండి నీళ్లడుగుటయే ఆయన యామెకు చేసిన మొదటి బోధ. పిదప ఆ యూరివారు వేడుకొనగా రెండుదినములు వారి నడుమనే నిలిచెను.

జక్కయ్య కథయు నిట్టిదే. లోకులచే నసహ్యించుకొనబడిన సుంకపు గుత్తదారు జక్కయ్య. ఆయనను సంస్కరించుటకు యేసు ధర్మోపన్యాసము చేయలేదు. నేడు నీ యింట బస చేయవలెనని తానే యడిగెను. జక్కయ్య సంతోషముతో చేర్చుకొని, తన యాస్తిలో సగము బీదల కిచ్చెదనని ప్రకటించెను. ఇచ్చటి క్రమమును గమనింపుడు. ముందు యేసు పుచ్చుకొనెను. పిదప జక్కయ్య దాత యయ్యెను. మనము చేయునది దీనికి విపరీతము. మనమే యిచ్చుచు, ఎదుటివానిని ఎన్నడును దాత కానీయక, వానిలోని దాతృత్వమును చంపుచున్నాము.

1843లో చార్లెసు డికెన్సు వ్రాసిన క్రిస్మసు కథను మీలో ననేకులు చదివియుందురు. అందలి పిసినారి మనస్సు మాఱిన యుదయమున తన గుమాస్తా యింటికి, పంపినవాని పేరు తెలియకుండ, పెద్ద సీమకోడిని పంపును. పాఠకులందరును ఆ కోడిని జ్ఞాపకముంచుకొందురు. కాని వాని చికిత్స యంతటితో పూర్తి కాలేదు. ముందునాడు తాను త్రోసిపుచ్చిన మేనల్లుని యింటికి సిగ్గుపడుచు నడచిపోయి, భోజనమునకు వచ్చితిని, లోనికి రానిత్తువా యని యడిగినప్పుడు గాని వాడు మనుష్యుల పంక్తిలో చేరలేదు.

మేమును నూతన సంవత్సరము రాకమునుపే ఆ స్టీలు డబ్బా తీసికొని ఆమె పల్లెకు వెళ్లితిమి. ఒకరి పాత్రను వట్టిదిగా తిరిగి యీయరాదని మన లోకాచారము. ఏదో యొకటి నింపుకొని పోవుదమని చేయి దుకాణమువైపు సాగినది. మా భార్య వారించి, "ఈసారికి ఖాళీగానే పట్టుకెళ్దామండీ" అనెను. అట్లే ఖాళీ డబ్బాతో ఆ రేకుల యింటి గుమ్మమున నిలిచి, "అరిసెలింకా ఉన్నాయా అమ్మా?" అని యడిగితిమి. ఆమె యొక క్షణము మా ముఖమును చూచి, లోనికి పోయి, పళ్లెములో నాలుగు తెచ్చెను. పండుగనాటివి కావున కొంచెము గట్టిపడియున్నవి. ఆ యింటి మంచముపై కూర్చుండి, ఆ యింటి నీళ్లు త్రాగి, నాలుగింటిని ముగించితిమి. క్షమాపణ చెప్పుటకు మాట రాలేదు, ఆమెయు నడుగలేదు. తిరిగివచ్చునప్పుడు ఆమెయే డబ్బా నింపియిచ్చెను. ఇప్పుడు దానము చెల్లినది.

ఇది మిక్కిలి స్వల్పమైన సంగతియని మీరనవచ్చును. కాని మనుష్యుని చేతినుండి మనుష్యుడు పుచ్చుకొనుట స్వల్పము కాదు. 1914 డిసెంబరున పశ్చిమ యుద్ధరంగమున, అన్నిచోట్ల కాకపోయినను అనేక చోట్ల, ఆంగ్లేయ సిపాయిలును, జర్మను సిపాయిలును కందకములలోనుండి లేచివచ్చి క్రిస్మసు దినమున పొగాకును, తినుబండారములను, అంగీ గుండీలను మార్చుకొనిరి. నిన్న మనపై తుపాకి యెక్కుపెట్టిన చేయి యిచ్చిన ముక్కను నోట నుంచుకొనుటకంటె విశ్వాసమునకు గొప్ప నిదర్శన మేది? ఆ కానుకలు యుద్ధము నాపలేదు. అది 1918 నవంబరు వఱకు సాగినది. అయినను ఆ దినమున వారు శత్రువులు కారను సత్యము నిలిచియున్నది.

ఇక నీ పండుగలో మనము చేయవలసిన దేమి? అధికారము గలవాని యింటికి పోవు తట్టను ఆపుదము. అలవాటుచొప్పున కొను వస్తువులను తగ్గించి, ఎదుటివాని యక్కఱ నెఱిగి యిత్తము. తిరిగి యీయలేనివానికి, పేరు తెలియకుండ నిత్తము. వీనికంటె కష్టమైనది నాలుగవది: మనము ఎవరి చేతినుండి పుచ్చుకొన సంకోచింతుమో వారి గుమ్మమునకు పోయి, అడిగి పుచ్చుకొందము. ఇంటిలో పనిచేయు నామె తెచ్చిన పండును ప్రక్కన పెట్టక, ఆమె యెదుటనే కోసి తిందము. వెంటనే బదులీయక, ఆమె దాతగా కొంతకాలము నిలువనిత్తము. దాత బ్రతికియుండగనే స్వీకారము జరుగవలెనని శాసనము చెప్పుచున్నది. తల్లిదండ్రుల ప్రేమ విషయమున నీ మాట యెంత నిజమో, ఆలస్యము చేసి పశ్చాత్తాపపడినవారికి చెప్పనక్కఱలేదు.

తుదకు సమస్తమును మనము పుచ్చుకొనినదే. ఈ యూపిరి మనము కొనినది కాదు. ఈ వెలుగునకు మనము ధర చెల్లింపలేదు. పరమదాత యెదుట చక్రవర్తియు, కావలివాడును చేయి చాచినవారే. ఆ సంగతి నెఱిగి పుచ్చుకొనుట నేర్చినవాడే గర్వము లేక యిచ్చుట నేర్చును.

ప్రార్థింతము.

ఓ పరమపితా! నీ విచ్చినదానిని మాదనుకొని గర్వించితిమి. సోదరు లిచ్చినదానిని తక్కువయని త్రోసివేసితిమి. మా చేతులను తెఱువుము. ఇచ్చునప్పుడు మాకు సిగ్గు నిమ్ము. పుచ్చుకొనునప్పుడు వినయము నిమ్ము. ఏ గుమ్మమున మేము తల వంచ వెఱతుమో ఆ గుమ్మముననే నీ దర్శనము ననుగ్రహింపుము. మేము వట్టిచేతులతో వచ్చియున్నాము, నింపువాడవు నీవే.

ఓం శాంతిః శాంతిః శాంతిః.